3,674 ఓట్లతో మొదలైన పార్టీ



మూడు వేల ఆరు వందల డెబ్బై నాలుగు. ఈ అంకెను కాసేపు గుర్తుంచుకోండి. మన దగ్గర ఒక పెద్ద పంచాయతీలో సర్పంచిగా గెలిచినవారికి ఇంతకన్నా ఎక్కువే పడతాయి. 1972 నవంబరులో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసిన జాన్ హాస్పర్స్‌కు దేశం మొత్తమ్మీద పడిన ఓట్లు ఇవి. అదే ఎన్నికలో రిచర్డ్ నిక్సన్‌కు 4 కోట్ల 70 లక్షల పైచిలుకు వచ్చాయి. హాస్పర్స్ దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం బోధించే ఆచార్యుడు. ఆయన పార్టీకి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. యాభై రాష్ట్రాల్లో రెండంటే రెండు రాష్ట్రాల బ్యాలెట్ మీదే ఆయన పేరు అచ్చయింది.

ఆ డిసెంబరులో ఒక వింత జరిగింది. అమెరికాలో ప్రజలు వేసే ఓటు నేరుగా అధ్యక్షుడికి చేరదు. రాష్ట్రాలవారీగా మొత్తం 538 మంది ఎలక్టర్లు ఉంటారు, వాళ్లు వేసేదే అసలు ఓటు. వర్జీనియాలో నిక్సన్ గెలిచాడు కాబట్టి అక్కడి ఎలక్టర్లంతా రిపబ్లికన్లే. వారిలో రోజర్ మెక్‌బ్రైడ్ అనే లాయరు, తన వంతు వచ్చినప్పుడు సొంత పార్టీ నిక్సన్‌ను పక్కనపెట్టి హాస్పర్స్ పేరు రాశాడు. ఉపాధ్యక్ష పదవికి హాస్పర్స్ వెంట పోటీ చేసిన టోనీ నేథన్ అనే మహిళ పేరు రాశాడు. అమెరికా చరిత్రలో ఒక స్త్రీకి ఎలక్టోరల్ ఓటు పడటం అదే తొలిసారి. డెమొక్రాట్ల జెరాల్డీన్ ఫెరారోకు ఆ గౌరవం దక్కడానికి ఇంకో పన్నెండేళ్లు పట్టింది. ఆ చిన్న పార్టీ టికెట్టుకు ఎలక్టోరల్ ఓటు దక్కడం మళ్లీ ఇంతవరకు జరగలేదు.

ఆ పార్టీ పేరు లిబర్టేరియన్ పార్టీ. అమెరికాలో ఉంటున్న పిల్లల్ని చూడటానికి వెళ్లిన తెలుగు తల్లిదండ్రులు ఎన్నికల కాలంలో ఈ పేరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ఆ పిల్లల్లో పౌరసత్వం వచ్చినవారికి బ్యాలెట్ కాగితం మీద ఇది ఎదురవుతూనే ఉంటుంది. డెమొక్రాట్, రిపబ్లికన్, ఆ కింద ఇంకో పేరు. ఇంతకీ వీళ్లెవరు? ఏం నమ్ముతారు? వీళ్లకు ఓటు వేస్తే అది మురిగిపోయినట్టేనా?

కథ 1971 ఆగస్టు 15న మొదలవుతుంది. ఆ రోజు రాత్రి నిక్సన్ టీవీలో మాట్లాడుతూ దేశంలో జీతాలు, ధరలు తొంభై రోజుల పాటు ఎక్కడివక్కడ ఆగిపోవాలని ఆదేశించాడు. డాలరుకు బంగారంతో ఉన్న ముడిని కూడా ఆ ప్రసంగంలోనే తెంపేశాడు. నిక్సన్ రిపబ్లికన్. మార్కెట్‌ను దాని మానాన వదలాలని చెప్పుకునే పార్టీ మనిషి. అటువంటివాడు చికెన్ ధర ఎంత ఉండాలో, గుమస్తా జీతం ఎంత ఉండాలో వాషింగ్టన్ నుంచి నిర్ణయిస్తున్నాడు. మరోపక్క వియత్నాం యుద్ధానికి కుర్రాళ్లను లాటరీ తీసి బలవంతంగా సైన్యంలోకి పంపుతున్నారు. కొలరాడోలో డేవిడ్ నోలన్ అనే యువకుడికి, అతని స్నేహితులకు ఇది మింగుడు పడలేదు. ఆ ఏడాది డిసెంబరు 11న కొలరాడో స్ప్రింగ్స్‌లో పార్టీ పెట్టేశారు.

నోలన్ తన నమ్మకాన్ని చెప్పడానికి ఒక బొమ్మ గీశాడు. రేడియోలో బొమ్మ చూపించలేం కాబట్టి మనసులో ఊహించుకోండి. ఒక నలుచదరం. అడుగున ఎడమ నుంచి కుడికి పోయే గీత మీద డబ్బు వ్యవహారాల్లో మనిషికి ఎంత స్వేచ్ఛ ఉండాలో కొలవండి. పన్నులు, వ్యాపారం, ఆస్తి, జీతం వగైరా. కింది నుంచి పైకి పోయే గీత మీద సొంత జీవితంలో ఎంత స్వేచ్ఛ ఉండాలో కొలవండి. ఏం చదవాలి, ఏం తాగాలి, ఎవరిని పెళ్లాడాలి, ఏ దేవుణ్ణి మొక్కాలి. అమెరికాలో వామపక్షం అనిపించుకునేవారు రెండో స్వేచ్ఛ కావాలంటారు, మొదటిదానికి పగ్గాలు వేయమంటారు. కుడిపక్షంవారు మొదటిది కావాలంటారు, రెండోదానికి కాపలా పెట్టమంటారు. నోలన్ అడిగింది ఒక్కటే: రెండూ ఎందుకు ఉండకూడదు? ఆ చదరంలో రెండు కొలతలూ నిండుగా ఉన్న మూల లిబర్టేరియన్లది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మనవాళ్లు అనే మాట వీళ్లకు అతికినట్టు సరిపోతుంది.

వాళ్ల నమ్మకానికి పునాదిగా ఒక సూత్రం ఉంది. ఎవరి ఒంటి మీదా, ఎవరి ఆస్తి మీదా ముందుగా చెయ్యెత్తకూడదు. నువ్వు ఎత్తకూడదు, నీ పొరుగువాడు ఎత్తకూడదు, ప్రభుత్వం కూడా ఎత్తకూడదు. పార్టీ సభ్యత్వం తీసుకునేవారు ఈ మాట మీద సంతకం చేయాలి. దీన్నిబట్టి ప్రభుత్వానికి మిగిలే పని పోలీసు, కోర్టు, దేశ రక్షణ. ఇంకా గట్టివాళ్లు అవి కూడా అక్కర్లేదంటారు. ఆర్థికవేత్త మర్రీ రాత్‌బార్డ్ ఆ కోవ మనిషి. అంతదూరం పోనివాళ్లలో మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఒకరు. పేదవాడికి సాయం చేయాలనుకుంటే నేరుగా చేతికి డబ్బివ్వండి, బడి కావాలంటే తల్లిదండ్రుల చేతికి కూపను ఇవ్వండి, మధ్యలో ఇన్ని శాఖలెందుకని అడిగినవాడు. ఇక అయిన్ రాండ్ నవల ‘అట్లాస్ ష్రగ్డ్’ 1957లో వచ్చింది. ఆ నవల చదివి ఈ దారి పట్టినవాళ్లకు లెక్కలేదు. తమాషా ఏమిటంటే, రాండ్‌కు మాత్రం లిబర్టేరియన్లంటే ఒళ్లు మంట.

సిద్ధాంతం ఇలా చెబితే గాలిలో మాటలా ఉంటుంది. నేల మీదికి దించి చూద్దాం.

ఐబ్రో త్రెడింగ్ మనకు కొత్త కాదు. ఒక కుర్చీ, ఒక దారపు ఉండ. దారం ఒక కొస పళ్ల మధ్య బిగబట్టి, రెండు చేతులతో మెలిపెట్టి, కనుబొమ మీది వెంట్రుకను ఆ దారంతోనే పీకేస్తారు. కత్తి లేదు, రసాయనం లేదు, వేడి మైనం లేదు. భారత ఉపఖండం నుంచి వెళ్లిన ఆడవాళ్లు టెక్సాస్ షాపింగ్ మాల్స్‌లో చిన్న దుకాణాలు పెట్టి ఈ పనితోనే బతుకుతున్నారు. రాష్ట్ర ప్రభుత్వం వచ్చి, ఇది సౌందర్య చికిత్స కిందికి వస్తుంది, 750 గంటల శిక్షణ తీసుకుని, పరీక్షలు రాసి, లైసెన్సు తెచ్చుకోండి అంది. ఆ శిక్షణకు వేల డాలర్లవుతుంది. అందులో ముఖానికి పూతలు, మేకప్ వంటివెన్నో నేర్పుతారు. కేసు కోర్టుకెక్కింది. 750 గంటల్లో 320 గంటల దాకా ఈ పనికి సంబంధం లేనివని ప్రభుత్వ పక్షమే ఒప్పుకోవాల్సి వచ్చింది. 2015 జూన్‌లో టెక్సాస్ సుప్రీంకోర్టు, త్రెడింగ్ చేసేవారి మీద ఆ నిబంధన చెల్లదని తీర్పు చెప్పింది. త్రెడింగ్ చేసేవారి తరఫున వాదించింది ఇన్‌స్టిట్యూట్ ఫర్ జస్టిస్ అనే సంస్థ. 1991లో పుట్టిన లిబర్టేరియన్ న్యాయవాద సంస్థ అది.

ఈ ఒక్క కేసు చూస్తే లిబర్టేరియన్ల బలం ఎక్కడుందో తెలుస్తుంది. నిబంధన కనపడగానే వాళ్లు ఒక ప్రశ్న వేస్తారు. ఇది ఎవరిని కాపాడటానికి? వినియోగదారునా, లేక ఇప్పటికే లైసెన్సు ఉన్న పోటీదారునా? ఈ ప్రశ్న వేసేవాళ్లు ఏ దేశంలోనైనా నలుగురు ఉండాలి. మీసేవ కౌంటర్ ముందు నాలుగుసార్లు తిరిగినవారికి ఇది ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

వలసల విషయంలోనూ అంతే. ఏ దేశంలో పుట్టినవారికైనా ఉద్యోగాల ద్వారా వచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏడాదికి 7 శాతానికి మించి ఇవ్వరాదన్న పరిమితి వల్ల భారతీయులు ఏళ్ల తరబడి వరుసలో నిలబడుతున్నారు. తెలుగువాళ్ల ఇళ్లలో ఇది రోజూ నడిచే మాటే. వాషింగ్టన్‌లోని కేటో ఇన్‌స్టిట్యూట్ ఈ పరిమితిని ఎప్పటినుంచో తప్పుపడుతోంది. అది 1977లో పెట్టిన లిబర్టేరియన్ పరిశోధన సంస్థ. పని ఇచ్చేవాడు, చేసేవాడు ఒప్పుకున్నాక, ఎక్కడ పుట్టావని మధ్యలో అడగడమెందుకన్నది వాళ్ల వాదం. అయితే లిబర్టేరియన్లంతా ఒకే గొంతు అనుకోకండి. 2022 మేలో నెవాడాలోని రీనో నగరంలో జరిగిన మహాసభలో మీజెస్ కాకస్ అనే వర్గం పార్టీ పగ్గాలు పట్టుకుంది. సరిహద్దుల తలుపులు బార్లా తెరవాలన్న మాట ఆ వర్గంలో చాలామందికి గిట్టదు. పట్టుమని పది మంది లేని పార్టీలో పదకొండు వర్గాలేమిటని నవ్వుకునేవారూ ఉన్నారు.

ఇప్పుడు రెండో పక్క చూద్దాం. ఈ సిద్ధాంతం తడబడే చోట్లు కూడా గట్టివే.

1960 ఫిబ్రవరిలో ఉత్తర కెరొలినాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణంలో భోజనాల బల్ల దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. తెల్లవారికే ఇస్తామన్నారు. వాళ్లు కదల్లేదు. నాలుగేళ్ల తర్వాత పౌర హక్కుల చట్టం వచ్చి, హోటళ్లు మనుషులను రంగు చూసి బయటికి నెట్టకూడదంది. లిబర్టేరియన్ సూత్రాన్ని అక్షరాలా పట్టుకుంటే చిక్కు వస్తుంది. హోటల్ యజమాని ఆస్తి, ఎవరికి కాఫీ పోయాలో అతని ఇష్టం, చట్టం చెయ్యెత్తకూడదు. వాళ్లలో చాలామంది వివక్షను అసహ్యించుకుంటూనే ఈ వాదన దగ్గర ఆగిపోయారు. మన పల్లెల్లో టీ కొట్ల రెండు గ్లాసుల పద్ధతి ఎరిగినవారికి దీని లోటు వెంటనే తెలుస్తుంది. కొట్టు యజమానికి స్వేచ్ఛ ఉందన్నంత మాత్రాన బయట కూర్చుని వేరే గ్లాసులో తాగినవాడికి స్వేచ్ఛ ఉన్నట్టు కాదు. బలవంతం ప్రభుత్వం ఒక్కటే చేయదు, ఊరు కూడా చేస్తుంది. ఈ సంగతి నోలన్ చదరంలో ఎక్కడా కనపడదు.

ఇంకో ఉదాహరణ నవ్వొచ్చేది. న్యూహాంప్‌షైర్‌లో గ్రాఫ్టన్ అని అడవి పక్కన చిన్న ఊరు. 2004 ప్రాంతంలో కొందరు లిబర్టేరియన్లు దాన్ని స్వేచ్ఛాపట్టణంగా మార్చాలని వలస వచ్చారు. ఓట్లేసి ఊరి ఖర్చులు కోశారు. ఇక చెత్త తన ఇష్టం వచ్చినట్టు పారేసేవాడొకడు, ఎలుగుబంట్లకు పనిగట్టుకుని తిండి పెట్టేవారొకరు, వాటిని తిట్టుకునే పొరుగువాళ్లొకరు. ఎవరి స్వేచ్ఛ వారిది. ఎలుగులు జనానికి భయపడటం మానేశాయి. 2012లో ఒక మహిళ మీద ఆమె ఇంటి దగ్గరే ఎలుగు దాడి చేసింది. మాథ్యూ హాంగోల్ట్స్-హెట్లింగ్ అనే విలేకరి 2020లో దీని మీద ఏకంగా పుస్తకమే రాశాడు. లిబర్టేరియన్లు ఆ పుస్తకాన్ని ఒప్పుకోరు, ఎలుగులు ఆ రాష్ట్రమంతా పెరిగాయంటారు. అందులో నిజం ఉండొచ్చు. కానీ నా చెత్తకు వచ్చిన ఎలుగు నీ పెరట్లో దూరితే లెక్క ఎవరు చూడాలన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర సూటి జవాబు లేదు.

ఇక్కడ మన నేల మీది కథ ఒకటి చెప్పుకోవాలి. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ సహకార వ్యవసాయం చేపట్టాలని తీర్మానించింది. రైతు పొలాలు కలిపి సాగు చేయాలన్నమాట. గుంటూరు జిల్లా నిడుబ్రోలులో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, రైతు ఉద్యమాల్లో తలపండిన ఆచార్య ఎన్.జి. రంగాకు ఇది పుండు మీద కారంలా తగిలింది. కాంగ్రెస్‌ను వదిలి రాజాజీ, మినూ మసానీలతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. తొలి అధ్యక్షుడు రంగాయే. పరిశ్రమ పెట్టాలంటే పర్మిట్, ముడిసరుకు కావాలంటే కోటా అన్న రోజులవి. ఆ పాలనకు రాజాజీ పెట్టిన పర్మిట్-లైసెన్స్-కోటా రాజ్ అన్న పేరు నేటికీ వాడుకలో ఉంది. 1962లో లోక్‌సభలో 18 స్థానాలు. 1967లో 44 స్థానాలతో ప్రతిపక్షాల్లోకెల్లా పెద్ద పార్టీ. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 29 మంది.

స్వతంత్ర పార్టీని లిబర్టేరియన్ అనొచ్చా? నోలన్ చదరంలో పెడితే సగమే సరిపోతుంది. డబ్బు వ్యవహారాల గీత మీద కుడి కొసకు దగ్గరగా ఉంటుంది. రెండో గీత మీద మాత్రం పైకి పోదు. ఎందుకంటే రాజాజీ మద్యనిషేధానికి కట్టుబడ్డ మనిషి, 1937లో సేలం జిల్లాలో నిషేధం తెచ్చింది ఆయనే. రాజులు, జమీందార్లు పార్టీలో చేరడంతో రైతు పార్టీ అన్న పేరు కూడా మసకబారింది. 1971లో ఇందిర గాలికి 8 స్థానాలకు పడిపోయింది. 1974లో చరణ్‌సింగ్ పార్టీలో కలిసిపోయింది. రంగా తిరిగి కాంగ్రెస్ గూటికే చేరి గుంటూరు నుంచి గెలిచారు.

పార్టీ పోయింది. పార్టీ పోయిన 17 ఏళ్లకు, 1991 జూలైలో, పి.వి. నరసింహారావు ప్రభుత్వం 18 పరిశ్రమలు మినహా మిగతావాటికి లైసెన్సు ఎత్తేసింది. స్వతంత్ర పార్టీ గొంతు చించుకుని అడిగింది, దాన్ని ఓడించిన కాంగ్రెస్సే చేసింది. ఖజానాలో విదేశీ మారకం అడుగంటడం అందుకు అసలు కారణమన్నది వేరే సంగతి.

మళ్లీ అమెరికాకు వద్దాం. అక్కడా ఇదే వరస. బలవంతపు సైనిక చేరిక 1973లో ఆగింది. గంజాయి వాడకం నేరం కాదని లిబర్టేరియన్లు పుట్టినప్పటినుంచీ అంటున్నారు. 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు ప్రజల ఓటుతో దాన్ని చట్టబద్ధం చేశాయి, ఇప్పుడు ఇరవైకి పైగా రాష్ట్రాల్లో అది నేరం కాదు. స్వలింగ వివాహాన్ని బరాక్ ఒబామా బహిరంగంగా సమర్థించింది 2012లో. ఇద్దరు పెద్దల ఇష్టపూర్వక సంబంధంలో పోలీసుకు పనేమిటని లిబర్టేరియన్లు 1972లోనే అడిగారు. వీటిని సాధించింది వీళ్లే అనడం అతిశయోక్తి. సైనిక చేరికపై వీధుల్లో కొట్లాడినవాళ్లు వేరే ఉన్నారు. ముందుగా అడిగినవాళ్లలో వీళ్లున్నారు, అంతవరకే.

మరి ఓట్లు? 1980లో ఎడ్ క్లార్క్‌కు 9 లక్షల 21 వేలు, ఒక శాతం. 2016లో ట్రంప్, హిల్లరీ ఇద్దరూ నచ్చనివాళ్లు గుంపులుగా ఉన్న ఏడాదిలో, న్యూమెక్సికో మాజీ గవర్నర్ గ్యారీ జాన్సన్‌కు దాదాపు 45 లక్షలు, మూడు శాతం పైచిలుకు. పార్టీ చరిత్రలో అదే శిఖరం. జాన్సన్ ఎవరెస్టు ఎక్కినవాడు, గవర్నరుగా 700కు పైగా బిల్లులను తిరగ్గొట్టినవాడు. ఆ సెప్టెంబరులో టీవీ స్టూడియోలో సిరియా నగరం అలెప్పో గురించి అడిగితే, అలెప్పో అంటే ఏమిటని ఎదురడిగాడు. దేశం నవ్వింది. రెండు పెద్ద పార్టీల అభ్యర్థులు ఇంతకన్నా పెద్ద తప్పులు చేసి నిలదొక్కుకున్నారు. మూడోవాడు ఒక్కసారి జారినా లేవనివ్వరు.

విచిత్రమేమిటంటే మూడో పార్టీ కావాలని జనమే అంటున్నారు. 2023లో గ్యాలప్ సర్వేలో 63 శాతం అమెరికన్లు అదే మాట చెప్పారు. ఆ తర్వాతి ఏడాది జరిగిన అధ్యక్ష ఎన్నికలో లిబర్టేరియన్ అభ్యర్థి చేజ్ ఆలివర్‌కు దక్కింది 0.4 శాతం. జనం అబద్ధం చెప్పారా? లేదు. లెక్కింపు పద్ధతి అటువంటిది.

ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడిదే సీటు అన్న చోట మూడో స్థానానికి విలువ లేదు. ఫ్రెంచి పండితుడు మోరిస్ దువెర్జే ఈ సంగతిని 1950లలోనే సూత్రంగా చెప్పాడు. మనకు ఆయన దాకా పోనక్కర్లేదు. 2008 ఆగస్టులో తిరుపతిలో చిరంజీవి పెట్టిన ప్రజారాజ్యం సభకు వచ్చిన జనాన్ని చూసినవాళ్లు ఇంకా మరిచిపోలేదు. 2009లో ఆ పార్టీకి రాష్ట్రంలో సుమారు 16 శాతం ఓట్లు పడ్డాయి. 294లో దక్కిన సీట్లు 18. రెండేళ్లలో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. అదే లెక్క అమెరికాలో ఇంకా కఠినం. 1992లో కోటీశ్వరుడు రాస్ పెరోకు దాదాపు 19 శాతం ఓట్లు, దాదాపు రెండు కోట్ల మంది. ఎలక్టోరల్ ఓట్లు సున్నా. 1968లో జార్జి వాలెస్‌కు 13.5 శాతమే వచ్చినా 46 ఎలక్టోరల్ ఓట్లు దక్కాయి. కారణం, వాలెస్ ఓట్లు దక్షిణాదిలో కుప్పగా పడి అక్కడ అయిదు రాష్ట్రాలు గెలిపించాయి. పెరోవి దేశమంతా చల్లినట్టున్నాయి. లిబర్టేరియన్ల ఓటూ అంతే, చల్లిన గింజలే.

అయితే ఎన్టీఆర్ సంగతేమిటని మీరు అడగొచ్చు. 1982 మార్చి 29న పార్టీ ప్రకటించి 1983 జనవరికల్లా 200కు పైగా సీట్లు గెలిచారు కదా! నిజమే. కానీ అప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెస్‌కు ఎదురు నిలిచే బలమైన రెండో పార్టీ లేదు. ఖాళీగా ఉన్నది రెండో కుర్చీ, తెలుగుదేశం వచ్చి కూర్చున్నది దాంట్లో. అమెరికాలో రిపబ్లికన్ పార్టీ పుట్టుక అటువంటిదే. 1854లో పెట్టారు, 1860లో లింకన్ గెలిచాడు. మధ్యలో జరిగిందేమిటంటే బానిసత్వం గొడవలో విగ్ పార్టీ కుప్పకూలి చోటు ఇచ్చింది. నేడు అమెరికాలో రెండు కుర్చీల్లోనూ మనుషులు గట్టిగానే కూర్చున్నారు. 2025 జూలైలో ఎలాన్ మస్క్ అమెరికా పార్టీ పెడతానని ప్రకటించినప్పుడు తెలిసినవాళ్లు కంగారు పడకపోవడానికి కారణం ఇదే.

వేరే దేశంలో మాత్రం ఒక లిబర్టేరియన్‌కు పెద్ద కుర్చీయే దొరికింది. ఆర్జెంటీనాలో తనను తాను లిబర్టేరియన్ అని చెప్పుకునే హవియెర్ మిలే 2023లో అధ్యక్షుడయ్యాడు. తన కుక్కలకు ఆర్థికవేత్తల పేర్లు పెట్టుకున్న మనిషి, ప్రచారంలో రంపపు యంత్రం పట్టుకుని తిరిగినవాడు. అక్కడ రెండు విడతల్లో ఓటింగు ఉంటుంది, పైగా ఏడాదికి ద్రవ్యోల్బణం 140 శాతం దాటి పాత పార్టీల పరువు పోయింది. గెలిచాక మంత్రిత్వ శాఖలను సగానికి కోశాడు. ధరల పెరుగుదల బాగా తగ్గింది. 2024 మొదటి ఆర్నెల్లలో పేదరికం 52.9 శాతానికి ఎక్కి, తర్వాతి ఆర్నెల్లలో 38.1కి దిగింది. పాస్ మార్కులు వేయాలా వద్దా అని ఆర్థికవేత్తలు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు.

అమెరికాలో మూడో పార్టీకి గెలిచే శక్తి లేదు గానీ ఓడించే శక్తి ఉంది. 2000లో ఫ్లోరిడాలో బుష్ ఆధిక్యం 537 ఓట్లు. గ్రీన్ పార్టీ రాల్ఫ్ నాడర్‌కు అక్కడ పడినవి 97,488. జార్జియాలో 2022 సెనేట్ ఎన్నికను దగ్గర్నుంచి చూడండి. అక్కడ గెలవాలంటే సగానికి మించి ఓట్లు రావాలి. డెమొక్రాట్ వార్నాక్‌కు 49.4 శాతం, రిపబ్లికన్ వాకర్‌కు 48.5. మిగిలిన 2.1 శాతం చేజ్ ఆలివర్ పట్టుకుపోయాడు. 80 వేల పైచిలుకు ఓట్లు. దాంతో ఎవరూ గెలవక డిసెంబరులో మళ్లీ పోలింగు పెట్టాల్సి వచ్చింది. అట్లాంటా శివార్లలోని తెలుగు ఇళ్లకు ఆ పోలింగు దాకా ప్రచారం ఫోన్లే.

ఈ శక్తి విలువ తెలిసినవాడు ట్రంప్. 2024 మే 25న వాషింగ్టన్ హిల్టన్ హోటల్లో జరిగిన లిబర్టేరియన్ల మహాసభకు స్వయంగా వెళ్లాడు. తన సభల్లో చప్పట్లు తప్ప వినని మనిషి. హాలు హోరెత్తేలా ఎగతాళి అరుపులు వినిపించాయి. నన్నే అభ్యర్థిగా ఎన్నుకోండి అన్నాడు, ఇంకా అరిచారు. గెలవడం ఇష్టం లేకపోతే నాలుగేళ్లకోసారి మీ మూడు శాతం మీరు తెచ్చుకోండి అని దెప్పాడు. ఒక్క మాటకు మాత్రం హాలు కేకలతో లేచింది. రాస్ ఉల్‌బ్రిక్ట్‌ను విడిపిస్తానన్న మాట అది. సిల్క్ రోడ్ అనే ఇంటర్నెట్ సంత నడిపి, అందులో మాదకద్రవ్యాలు అమ్మించినందుకు 2015లో యావజ్జీవం పడ్డవాడు. శిక్ష మరీ అన్యాయమని లిబర్టేరియన్లు ఏళ్లుగా పోరుతున్నారు. ట్రంప్ గెలిచి పదవి చేపట్టిన మర్నాడు, 2025 జనవరి 21న, పూర్తి క్షమాభిక్ష మీద సంతకం పెట్టాడు. ఆ ఎన్నికలో ఆలివర్‌కు వచ్చినవి ఆరున్నర లక్షల ఓట్లు. 45 లక్షల ఓట్లు వచ్చినప్పుడు కూడా ఆ పార్టీ కోరిక ఇంత తొందరగా తీరలేదు.

అందుకే మూడో పార్టీ గురించి ఆలోచించే ఓటరు రెండు సంగతులు విడదీసి చూసుకోవాలి. వాళ్ల నమ్మకం నచ్చిందా అన్నది ఒకటి. తన ఓటు ఏ రాష్ట్రంలో, ఏ పదవికి అన్నది రెండోది. కాలిఫోర్నియాలోనో టెక్సాస్‌లోనో అధ్యక్ష ఫలితం ముందే తెలిసిపోయేంత తేడా ఉన్నప్పుడు, మూడో పేరు మీద గుర్తు పెడితే మన ఇష్టం ఇదీ అని చెప్పినట్టే తప్ప ఎవరినీ ఓడించినట్టు కాదు. పెన్సిల్వేనియాలో, విస్కాన్సిన్‌లో అదే గుర్తు వేరే అర్థం ఇస్తుంది. ఊరి కౌన్సిలుకు, స్కూలు బోర్డుకు అయితే లిబర్టేరియన్లు నిజంగానే గెలుస్తుంటారు. అలాస్కాలో 1978లో డిక్ రాండాల్ఫ్ ఆ పార్టీ టికెట్టు మీద శాసనసభకే నెగ్గాడు. 1980లో ఆ రాష్ట్రం ఆదాయపు పన్ను ఎత్తేసింది. చమురు డబ్బు వరదలా వచ్చి పడుతుండటం కూడా కలిసొచ్చింది.

ఓటు చీలుతుందన్న భయం లేకుండా చేసే పద్ధతి కూడా ఒకటి వాడుకలోకి వచ్చింది. ఓటరు అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని వరస ఇస్తాడు. మొదటి ఇష్టం ఓడిపోతే ఓటు రెండో ఇష్టానికి మారుతుంది. మెయిన్ రాష్ట్రం 2018 నుంచి, అలాస్కా 2022 నుంచి ఇలాగే ఓట్లు లెక్కిస్తున్నాయి. 2024 నవంబరులో అలాస్కాలో దీన్ని రద్దు చేయాలా అని ప్రజలనే అడిగితే, వెయ్యిలోపు ఓట్ల తేడాతో బతికి బయటపడింది. అదే రోజు మరికొన్ని రాష్ట్రాల్లో ఈ పద్ధతి తేవాలా అని ఓటింగు పెట్టారు. వద్దన్న రాష్ట్రాల్లో లిబర్టేరియన్ పార్టీ పుట్టిన కొలరాడో కూడా ఉంది.